అపాచీ పాస్‌లో ఊట దాకా నడక

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఏడేళ్లుగా ఉంటున్నా, ఆగ్నేయ అరిజోనాలోని చిరికావా అపాచీ అనే ఆదివాసుల నేలను చూడడానికి మాకు ఈ మార్చిలో గానీ వీలు పడలేదు. రెండు రాత్రుల్లో అమెరిండ్ మ్యూజియం, పాత సైనిక కోట ఫోర్ట్ బోవీ, చిరికావా నేషనల్ మాన్యుమెంట్ చూశాము. ఒక్క పూటే సమయం ఉన్నవారికి నేను సంకోచించకుండా ఫోర్ట్ బోవీనే చెబుతాను.

అక్కడ మట్టి రోడ్డు పక్కన కారు ఆపి ఒకటిన్నర మైలు నడవాలి. నడవలేనివారు ముందుగా సిబ్బందిని సంప్రదిస్తే వేరే దారి ఉంది. మా నాన్నగారు మాత్రం మోకాళ్ల నొప్పితోనే నెమ్మదిగా నడిచారు. ప్రవేశ రుసుము లేదు. ఆ కాలిబాటలో చరిత్ర అడుగడుగునా ఎదురవుతుంది. అక్కడ కనిపించే రాతి పునాదులు 1858లో బటర్‌ఫీల్డ్ తపాలా బండ్ల కోసం కట్టిన మజిలీవి. 1861 ఫిబ్రవరిలో అమెరికా సైన్యపు లెఫ్టినెంట్ జార్జ్ బాస్కమ్ చిరికావా నాయకుడు కొచీస్‌ను ఈ అపాచీ పాస్ కనుమలోనే మాటలకని పిలిచి, అతనికి సంబంధం లేని ఒక బాలుడి అపహరణను అతనిపై మోపి నిర్బంధించబోయాడు. కొచీస్ గుడారాన్ని కత్తితో చీల్చుకొని తప్పించుకున్నా అతని బంధువులు చిక్కిపోయారు. ఇరువైపులా బందీలు చంపబడ్డారు. కొచీస్‌తో యుద్ధం 1872 దాకా సాగింది.

శ్మశానంలో అపాచీ యోధుడు జెరోనిమో కుమారుడు, రెండేళ్ల లిటిల్ రోబ్ సమాధి దగ్గర చాలాసేపు ఉండిపోయాము. అది దాటితే అపాచీ ఊట. ఈ ఎండు కొండల్లో నీరు దొరికే ఆ చోటు కోసమే 1862 జూలైలో అపాచీ నాయకులు మాంగస్ కొలరాడాస్, కొచీస్‌ల అనుచరులు అమెరికా సైన్యాన్ని ఎదిరించారు. ఫిరంగులు వారిని వెనక్కు నెట్టాయి. ఆ నెలలోనే సైన్యం ఊటకు కాపలాగా కోటను నెలకొల్పింది. అంత చరిత్రను నడిపిన నీరు ఇంత సన్నని ధారా అని ఆశ్చర్యం కలిగింది.

1894లో విడిచిపెట్టిన కోట మట్టిగోడలు సున్నపు పూతతో నేటికీ నిలిచి ఉన్నాయి. అపాచీల ఆనవాళ్లను గుర్తించాలంటే మాత్రం చూపుకు తర్ఫీదు కావాలి. కర్రలు, గడ్డితో వేసుకున్న వికియప్ గుడిసె కూలిపోయాక మహా అయితే ఒక రాళ్ల వలయం మిగులుతుంది. కిత్తళి దుంపలను కాల్చుకున్న గుంతల్లో మాడిన రాళ్లు, పీపాల ఇనుప పట్టీలను కోసి చేసిన బాణపు మొనలు, చెక్కిన సీసా గాజు ముక్కలు: పురావస్తు పరిశోధకులు వారి జీవితాన్ని పునర్నిర్మించేది ఇలాంటి వాటితోనే. బాట పక్కన నమూనాగా కట్టిన వికియప్‌ను దయచేసి తొందరగా దాటిపోకండి.

1937లో స్థాపించిన అమెరిండ్ మ్యూజియంలో ఎన్నో ఆదివాసీ జాతుల వస్తువులున్నాయి. అపాచీలది అందులో ఒక భాగమే. అయినా దాన్ని ముందు చూస్తే ఫోర్ట్ బోవీ మరింత అర్థమవుతుంది. కొన్ని రోజులు మూసి ఉంటుంది కనుక వేళలు చూసుకొని వెళ్లాలి. నేషనల్ మాన్యుమెంట్‌లో సుమారు 2.7 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత బూడిద నుంచి చెక్కుకుపోయిన రాతి స్తంభాలు అద్భుతమే, కానీ అక్కడ వలసదారుల పశువుల క్షేత్రం ఫారవే రాంచ్ కథ వినిపించినంతగా అపాచీల కథ వినిపించలేదని నాకు బాధ కలిగింది.

మొదటి రాత్రి విల్‌కాక్స్‌లో హైవే పక్కన బస చేసిన హోటల్‌లో రెండు మంచాల గదికి డబ్బు కట్టినా ఒకటే ఇచ్చారు. లారీల రొదకు నాన్నగారికి నిద్ర పట్టలేదు. రెండో రాత్రి మాన్యుమెంట్‌లోని బోనిటా కాన్యన్ క్యాంపుగ్రౌండ్‌లో స్నానాల గదులు లేవు, చలి గట్టిగానే ఉంది, అయినా అదే హాయిగా గడిచింది. లోపల తిండి గానీ పెట్రోలు గానీ దొరకవు కనుక పులిహోర, చపాతీలు కట్టుకొని వెళ్లడం మేలైంది.

తిరుగు దారిలో బోవీ ఊరి రైలు పట్టాల దగ్గర ఆగాము. 1886 సెప్టెంబరులో లొంగిపోయిన జెరోనిమోను, అతని వారిని ఫ్లోరిడాకు రైలెక్కించింది ఇక్కడే. సైన్యానికి దారి చూపిన అపాచీ స్కౌట్లను కూడా యుద్ధఖైదీలను చేశారు. ఆ చెర 27 ఏళ్ల తరువాత గానీ ముగియలేదు. కొందరు ఓక్లహోమాలో ఉండిపోగా, ఎక్కువమంది న్యూమెక్సికోలో ఆదివాసులకు కేటాయించిన మెస్కలేరో రిజర్వేషన్ ప్రాంతానికి చేరారు. వారి వారసులుండే ఆ మెస్కలేరోకే వచ్చే అక్టోబరులో వెళ్దామని నాన్నగారు అక్కడే నిశ్చయించారు.