లెస్టర్‌లో ఉచిత ఇంధన సలహా సేవ: మూడు చలికాలాలు వాడిన తరువాత

2022 అక్టోబరులో, వృద్ధులను ఇళ్లకు వెళ్లి చూసుకునే కేర్ వర్కర్ వీసా మీద నేను, మావారు, మూడేళ్ల మా అమ్మాయి వరంగల్ నుంచి ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరానికి వచ్చి, వందేళ్లు దాటిన ఒక ఇటుక ఇంట్లో అద్దెకు దిగాము. ఆ ఇంట్లో కరెంటుకూ గ్యాసుకూ ప్రీపేమెంట్ మీటర్లు ఉన్నాయి. కరెంటుకు ఒక ప్లాస్టిక్ కీ, గ్యాసుకు ఒక కార్డు. వీధి చివర కొట్టుకు వెళ్లి వాటిలో డబ్బు వేయించుకుని తెచ్చి మీటరులో పెడితే, ఆ డబ్బు ఉన్నంతసేపే ఇంట్లో వెలుగూ వేడీ ఉంటాయి. ఆ చలికాలం నుంచి ఇప్పటివరకు ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఇంధన సలహా సేవను మొదట మా ఇంటి కోసం, ఆ తరువాత నేను పనిచేసే ఇళ్లలోని వృద్ధుల కోసం వాడుకుంటూ వచ్చాను. కొత్తగా ఇక్కడికి వచ్చే తెలుగు కుటుంబాలకు పనికి వస్తుందని ఆ అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

మా ఇబ్బంది ఎలా మొదలైందో ముందు చెప్పాలి. గ్యాస్ కార్డులో పది పౌండ్లు వేసి మీటరులో పెడితే ఒక్కోసారి ఆరు, ఒక్కోసారి నాలుగే మిగిలేవి. ఈ దేశంలో గ్యాసు ఇంత ఖరీదు కాబోలు అనుకుని, రేడియేటర్లకు నీళ్లు కాచి ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్ పూర్తిగా ఆపేసి, ఒక ఎలక్ట్రిక్ హీటర్ కొనుక్కుని ముగ్గురమూ ఒకే గదిలో సర్దుకున్నాము. డిసెంబరులో గడ్డకట్టే చలి వచ్చిన రోజుల్లో అమ్మాయికి దగ్గు పట్టుకుని వదల్లేదు. ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడి నర్సు పిల్ల గుండెలు పరీక్షించిన తరువాత, ఇంట్లో వెచ్చగా ఉంటోందా అని మెల్లగా అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమే మా అనుమతి తీసుకుని ఈ సంస్థకు మా వివరాలు పంపింది.

నిజానికి వద్దని చెబుదామనుకున్నాను. మా వీసా మీద ప్రభుత్వ నిధుల నుంచి సాయం పొందకూడదన్న షరతు ఉంది. తెలిసో తెలియకో ఏదైనా తీసుకుంటే రేపు వీసా పొడిగింపుకు అడ్డు వస్తుందన్న భయం మా తెలుగువాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆ భయంతో ఏ తలుపూ తట్టకుండా చలిలోనే గడిపేవాళ్లను నేను చూశాను. ఫోనులో మాట్లాడిన సలహాదారు ఈ సంగతిని దాటవేయకుండా విడమరిచి చెప్పారు. నిషేధం వర్తించేది ఒక జాబితాలోని నిర్దిష్టమైన ప్రభుత్వ భృతులకేననీ, స్వచ్ఛంద సంస్థ ఇచ్చే సలహా ఆ జాబితాలో లేదనీ, ఆ చలికాలంలో కరెంటు కనెక్షన్ ఉన్న ఇళ్లకు ప్రభుత్వం ఇస్తున్న 400 పౌండ్ల రాయితీ కూడా అందులోకి రాదనీ వివరించారు. ఆ పది నిమిషాల సంభాషణ తరువాత ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.

నాలుగు రోజుల తరువాత ఆ సలహాదారు మా ఇంటికి వచ్చారు. గుజరాతీ కుటుంబానికి చెందిన యాభై ఏళ్ల మనిషి. నా ఇంగ్లీషు తడబడినప్పుడల్లా హిందీలోకి మారేవారు. కూర్చోమన్నా కూర్చోకుండా మొదట మెట్ల కింద ఉన్న గ్యాస్ మీటరు దగ్గరకు వెళ్లి, దాని బటన్‌ను వరుసగా నొక్కుతూ ఒక్కొక్క తెరనూ నాకు చూపించారు. మూడు నెలలుగా ఆ మీటరులో కార్డు పెడుతున్నా, బటన్ నొక్కితే వేరే అంకెలు కనబడతాయని మాకు తెలియదు. ఒక తెర మీద 214 పౌండ్ల బాకీ, మరో తెర మీద వారానికి ఏడున్నర పౌండ్ల కోత కనిపించాయి. అది మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ల అప్పు. మేము గ్యాసు వాడినా వాడకపోయినా ఆ కోత, దానితోపాటు రోజువారీ స్టాండింగ్ ఛార్జ్ అనే స్థిర రుసుము పేరుకుంటూనే ఉన్నాయి. మేము పొదుపు చేస్తున్నామనుకుని బాయిలర్ ఆపిన వారాలన్నిటి బకాయినీ, తరువాత కార్డు పెట్టగానే మీటరు ఒక్కసారిగా లాక్కునేది. పది పౌండ్లు నాలుగైన రహస్యం అదే.

ఆమె మా వంటగది బల్ల దగ్గర కూర్చుని, మాకు కరెంటూ గ్యాసూ ఇచ్చే కంపెనీకి ఫోను చేసి స్పీకరులో పెట్టారు. ఒక గంటా పది నిమిషాలు సంగీతం వింటూ ఎదురుచూశాము. ఆ మధ్యలో మా అద్దె ఒప్పందం తీయించి, ఇల్లు అప్పగించిన రోజు ఏజెంటు రాసుకున్న మీటరు రీడింగ్ ఏ పేజీలో ఉందో వెతికి పట్టుకున్నారు. ఆ తరువాత ఒక ప్రశ్న అడిగారు: “ఈ ఇంటికి వేరేవాళ్ల పేరు మీద ఉత్తరాలు వస్తున్నాయా?” పరాయివాళ్ల ఉత్తరం విప్పడం తప్పని, అలాంటివన్నీ గుమ్మం పక్క గూట్లో పేర్చి పెట్టాము. కంపెనీ ఖాతా ఇంకా పాత అద్దెదారు పేరు మీదే ఉండటం వల్ల, ఆ 400 పౌండ్ల రాయితీలో మాకు రావలసిన నెలవారీ వోచర్లు ఆ పేరు మీదే వస్తున్నాయని ఆమెకు కవరు చూడగానే అర్థమైంది. మొదటి రెండు నెలలు 66 చొప్పున, తరువాతి నాలుగు నెలలు 67 చొప్పున ఇచ్చిన ఆ వోచర్లను 2023 జూన్ 30 లోపు వాడుకోకపోతే అవి చెల్లకుండా పోయేవి. ఆమె ఖాతాను మా పేరు మీదకు మార్పించి, మేము దిగిన రోజు నుంచి రావలసిన వోచర్లను కొత్తగా ఇప్పించారు. బాకీ కోతను ఆపించడానికి పది రోజులు, అప్పటికే కోసుకున్న డబ్బు వెనక్కి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఫిర్యాదు ఎనిమిది వారాల్లో తేలకపోతే ఇలాంటి తగాదాలు తేల్చే స్వతంత్ర సంస్థ ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరకు ఖర్చు లేకుండా వెళ్లవచ్చన్న నిబంధనను ఆమె ప్రతి ఉత్తరంలోనూ గుర్తు చేస్తూ రాయడం వల్లనే ఆ గడువుకు ముందు మా డబ్బు వచ్చిందని నా నమ్మకం.

అదే రోజు మా పూజ అలమర దగ్గర అగరుబత్తీలు చూసి, ఒకటి వెలిగించి ఇమ్మని అడిగారు. దాన్ని పట్టుకుని కిటికీల అంచుల వెంబడి, తలుపు కింద, ఉత్తరాలు వేసే రంధ్రం దగ్గర నెమ్మదిగా నడిచారు. గది మధ్యలో నిటారుగా లేచే పొగ, ముందు గది కిటికీ ఎడమ మూల దగ్గరకు వచ్చేసరికి ఒక్కసారిగా లోపలివైపుకు వంగి చెదిరిపోయింది. చలి ఎక్కడినుంచి వస్తోందో అంతవరకు మాకు ఒంటికి తెలుసు గాని కంటికి కనబడలేదు. తెచ్చిన నురుగు పట్టీని అక్కడికక్కడే కత్తిరించి అంటించి, మిగతా చోట్ల అంటించడం మావారికి నేర్పారు. మా అమ్మాయి ఆ తరువాత చాలా రోజులు ఖాళీ చేతితో కిటికీల వెంట తిరుగుతూ అదే ఆట ఆడింది.

హీటరు విషయంలో మాత్రం ఆమె చెప్పిన లెక్క విని బాధపడ్డాను. ఆ చలికాలంలో కరెంటు యూనిట్ దాదాపు 34 పెన్నీలు, గ్యాసు యూనిట్ దాదాపు 10 పెన్నీలు. రెండు కిలోవాట్ల హీటరు ఆగకుండా ఎనిమిది గంటలు నడిస్తే 16 యూనిట్లు, అంటే దాదాపు ఐదున్నర పౌండ్లు. అంతే వేడిని గ్యాస్ బాయిలర్ ఇవ్వడానికి, అందులో వృథా అయ్యేది కలుపుకున్నా, రెండు పౌండ్లు దాటదు. పడుకునే గది రేడియేటర్ తెరిచి, మిగతావాటి వాల్వులు తగ్గించి, బాయిలర్ నుంచి బయలుదేరే నీటి వేడిని 75 డిగ్రీల నుంచి 60కి దించారు. కండెన్సింగ్ బాయిలర్‌కు తిరిగివచ్చే నీరు దాదాపు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి, పోవలసిన వేడి తిరిగి దక్కుతుందని కారణం కూడా చెప్పారు. విడిగా వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లలో మాత్రం ట్యాంకులోని నీటిని 60 కంటే తగ్గించకూడదని, అందులో హానికరమైన బ్యాక్టీరియా పెరుగుతుందని జాగ్రత్త చెప్పారు. ఐదేళ్ల లోపు బిడ్డ ఉన్నందున కంపెనీ దగ్గర ఉండే ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టరులో, అంటే అదనపు సాయం అవసరమైనవాళ్ల జాబితాలో కూడా మా పేరు రాయించారు.

ఈ సేవకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందని తరువాత అడిగి తెలుసుకున్నాను. నిబంధనలు ఉల్లంఘించిన ఇంధన కంపెనీలు నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ చర్యల్లో భాగంగా చెల్లించే సొమ్మును, 2018 నుంచి ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ అనే సంస్థ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లుగా పంచుతోంది. వినియోగదారులకు జరిగిన తప్పుకు కట్టిన డబ్బు, బిల్లు కట్టలేని వాళ్ల వంటగది బల్ల దాకా ఒక మనిషి రూపంలో చేరడం నాకు ఎంతో న్యాయంగా అనిపించింది. ఆమె సంచిలో తెచ్చిన ఎల్ఈడీ బల్బులు, రేడియేటర్ వెనుక అంటించే వెండి రేకు, గది వేడి తెలిపే రంగుల కార్డు అన్నీ పనికివచ్చినవే. కాని వాటి ధర అంతా కలిపినా, ఆమె ఫోను పట్టుకుని మా తరఫున నిలబడిన ఆ గంటా పది నిమిషాలకు సరితూగదు. గ్రాంట్లు ఇచ్చేవాళ్లు ఖర్చు పెట్టవలసింది ముందుగా ఆ గంటల మీదే.

సలహా చేరలేని చోటు కూడా ఉంది. మా ఇంటి గోడలు మధ్యలో ఖాళీ లేని తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు. ఇంటి యజమాని మా మాటకు గాని, ఆమె రాసిన ఉత్తరానికి గాని స్పందించలేదు. వంట చేసినప్పుడు మూత పెట్టడం, ఇడ్లీ వండిన తరువాత పది నిమిషాలు కిటికీ తెరవడం, బట్టలు రేడియేటర్ మీద ఆరవేయకపోవడం వంటివి పాటించి గదిలో తేమ తగ్గించగలిగాము గాని, ఉత్తరం వైపు గోడ మీద బూజు ప్రతి జనవరిలోనూ తిరిగి వస్తూనే ఉంది. రోచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో బూజు వల్ల ప్రాణం కోల్పోయిన రెండేళ్ల ఆవాబ్ ఇషాక్ పేరు మీద, ఇంటి యజమానులు తేమనూ బూజునూ గడువులోగా సరిచేయాలని వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27న అమలులోకి వచ్చిందని చదివి ఆశపడ్డాను. ప్రస్తుతానికి అది స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్లకే వర్తిస్తుంది. మా వంటి ప్రైవేటు అద్దెదారులకు ఇంకా వర్తించదు. ఇంగ్లండ్ లెక్కలో ఇంధన పేదరికం అంటే ఇంటి ఇంధన సామర్థ్యం, ఏ నుంచి జి వరకు ఉండే గ్రేడుల్లో డి గ్రేడు లేక అంతకంటే తక్కువగా ఉండి, ఇంధన ఖర్చు పోగా మిగిలే ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉండటం. అంటే ఇంటి నాణ్యత ఆ లెక్కలోనే సగం. ఆ సగాన్ని మార్చే అధికారం అద్దెకు ఉండేవాళ్ల చేతిలో లేదు.

రెండో చలికాలం నుంచి నేను ఈ సేవను ఎక్కువగా వాడింది వృద్ధుల కోసం. 2024లో ప్రభుత్వం చలికాలపు ఇంధన భత్యాన్ని, తక్కువ ఆదాయం ఉన్న పెద్దలకిచ్చే పెన్షన్ క్రెడిట్ వంటి భృతులు పొందేవారికి మాత్రమే పరిమితం చేసినప్పుడు, నేను ఉదయం పూట స్నానం చేయించే ఒక పెద్దావిడ రెండు స్వెటర్ల మీద కోటు వేసుకుని కూర్చుని, హీటింగ్ వేయవద్దని నన్ను బతిమాలేవారు. ఆవిడ అనుమతితో, మా మేనేజరుకు తెలియజేసి సంస్థకు వివరాలు పంపాను. చిన్న పింఛను ఒకటి అదనంగా వస్తోంది కనుక తనకు పెన్షన్ క్రెడిట్ రాదని ఆవిడ ఏళ్లుగా అనుకుంటున్నారు. సలహాదారు లెక్కగట్టి చూస్తే వారానికి కొద్ది పౌండ్లకు అర్హత ఉందని తేలింది. డిసెంబరు 21 లోపు దరఖాస్తు చేస్తే వెనుకటి తేదీ నుంచి లెక్కించి ఆ ఏటి భత్యం కూడా ఇచ్చేవారు. దరఖాస్తు ఆ గడువుకు వారం ముందు చేరింది. ఆ కొద్ది పౌండ్ల అర్హతతోనే చలికాలపు భత్యం దక్కింది. కరెంటు బిల్లులో 150 పౌండ్ల తగ్గింపుకూ దారి తెరుచుకుంది. మరుసటి ఏడు భత్యం నిబంధనను 35,000 పౌండ్ల ఆదాయం వరకు సడలించారు గాని, అడగడానికి మొహమాటపడే అలాంటి పెద్దల పక్కన కూర్చుని ఫారం నింపే మనిషి అవసరం తగ్గలేదు.

ఇక నాకు బాధ కలిగించిన సంగతి. మాకు సాయం చేసిన ఆ ప్రాజెక్టు రెండేళ్లది. 2024 వసంతంలో నేను ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. గ్రాంటు ముగిసింది, ఆమె ఉద్యోగమూ ముగిసింది. సెప్టెంబరులో కొత్త నిధులతో కొత్త బృందం వచ్చేవరకు వృద్ధుల కోసం పంపిన రెండు అభ్యర్థనలకు జవాబు లేదు. కొత్త సలహాదారు మంచివారే, కాని మీటరు కథ, బాకీ కథ, గోడ కథ అన్నీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. ఒక ఇంటి నమ్మకం సంపాదించడానికి పట్టే కాలం గ్రాంటు కాలపట్టికలో ఎక్కడా కనబడదు. వేసవిలో బాకీలు తేల్చుకుంటేనే చలికాలం నిలబడగలుగుతారు కనుక, ఖాళీ వచ్చేది వేసవిలోనేగా అని సరిపెట్టుకోవడం కూడా నాకు ఒప్పుగా తోచదు. భాష సంగతి కూడా చెప్పాలి. లెస్టర్‌లో గుజరాతీ, పంజాబీ మాట్లాడే సలహాదారులు దొరికారు, తెలుగులో మాట్లాడేవారు నాకు ఎదురుపడలేదు. హిందీ రాని మా పక్కవీధి అమ్మగారి ఇంటికి వాళ్లు వచ్చినప్పుడు నేనే సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో స్మార్ట్ మీటరు ఉంది, మా పేరు మీదే ఖాతా ఉంది, అమ్మాయి దగ్గు మునుపటిలా లేదు. మా ఊళ్ల నుంచి కొత్తగా ఎవరు వచ్చినా మొదటి రోజే వాళ్ల ఇంటికి వెళ్లి, పెట్టెలు విప్పకముందే రెండు మీటర్లకూ ఫోటోలు తీయిస్తున్నాను. బటన్ నొక్కి బాకీ తెర చూపిస్తున్నాను. పోయిన నెల ఒక తమ్ముడి ఇంట్లో ఆ తెర మీద 96 పౌండ్లు కనిపించాయి. అద్దె ఒప్పందం, ఆ ఫోటో, గుమ్మం దగ్గర పడి ఉన్న పరాయి పేరు ఉత్తరాలు మూడూ ఒక సంచిలో పెట్టించి, సంస్థకు అప్పుడే ఫోను చేయించాను. సోమవారానికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు.