సుదీర్ఘ రాత్రి ఆరాధన: ఏడవడానికి చోటిచ్చిన ఒక గంట

ఆగస్టులో మా వారు పోయారు. పద్దెనిమిదేళ్లు ఒకే గాయక బృందంలో పాడాం. ఆయనది మంద్రమైన గొంతు, సరిగ్గా నా వెనుక వరుసలో నిలబడేవారు. క్రిస్మస్ పాటలన్నీ నాకు కుడి భుజం వెనుక నుంచి వచ్చే ఆ గొంతుతోనే తెలుసు. డిసెంబరు మొదట్లో పాటల అభ్యాసానికి వెళ్లి, మొదటి పాట రెండో చరణం దగ్గర బయటికి వచ్చేశాను. అందుకే ఆత్మీయులను పోగొట్టుకున్నవారి కోసం 21న ప్రత్యేక ఆరాధన ఉందని తెలిసినా, వెళ్లాలో వద్దో మూడు రోజులు తేల్చుకోలేకపోయాను. నాలా తటపటాయించేవారి కోసమే ఇది రాస్తున్నాను.

ఈ సుదీర్ఘ రాత్రి ఆరాధనను కొన్ని క్రైస్తవ సంఘాల్లో ‘బ్లూ క్రిస్మస్’ అని కూడా అంటారు. ఉత్తరార్ధగోళంలో ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి డిసెంబరు 21 లేదా 22న వస్తుంది కాబట్టి ఆ రోజుల్లోనే జరుపుతారు. పాశ్చాత్య సంఘాల పాత క్యాలెండరులో డిసెంబరు 21 తోమా పండుగ కూడా. యేసు తిరిగి లేచాడంటే, ఆయన గాయాలను చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడి రోజు అది. మాలాంటివాళ్లను పిలవడానికి ఇంతకంటే తగిన రోజు లేదనిపించింది.

గుమ్మం దగ్గర ఎవరూ పండుగ శుభాకాంక్షలు చెప్పలేదు. ఒక చీటీ, పెన్సిలు ఇచ్చారు, అంతే. లోపల దీపాలు తగ్గించి ఉన్నాయి. నాలుగు కొవ్వొత్తులు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో వాటిని నిరీక్షణ, శాంతి, సంతోషం, ప్రేమ అని వెలిగించడం నాకు అలవాటు. ఇక్కడ మొదటిది వెళ్లిపోయినవారి కోసం, రెండోది మన బాధ కోసం వెలిగించారు.

వాక్య పఠనమే నన్ను పట్టి నిలిపింది. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానుల కానుకలతో చాలామంది ఆగిపోతారు. వీళ్లు ఆగలేదు. హేరోదు రాజు చంపించిన పసిపిల్లల వరకు, పిల్లల కోసం ఓదార్పు పొందనొల్లక ఏడ్చిన తల్లి రాహేలు వరకు చదివారు. క్రీస్తు పుట్టిన కథలోనే ఆ ఏడుపు ఉందని ఇన్నేళ్లుగా తెలిసీ నేను వినలేదు. తర్వాత 88వ కీర్తన. అది చీకటిలోనే ముగుస్తుంది. దానికి ఎవరూ వివరణ జోడించలేదు. అందుకు నేను ఎంతో కృతజ్ఞురాలిని.

చీటీల్లోని పేర్లు ఒక్కొక్కటే చదివారు. నాకు పరిచయం లేని ఒక గొంతు ఆయన పేరు పలికింది. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. పక్కనున్న పెద్దావిడ నా వైపు తిరగకుండానే చేతిరుమాలు అందించారు. అలవాటు కొద్దీ ఆయన గొంతు కోసం వెనక్కి చెవి ఒగ్గాను. వినబడలేదు. వినబడనందుకు ఆ రోజు భయం వేయలేదు. శాంతి అంటే నాకు దొరికింది అదే.

లోపాలూ ఉన్నాయి. నాలుగో కొవ్వొత్తి వెలిగిన వెంటనే దీపాలన్నీ వేసి, హోరున ఉత్సాహగీతం అందుకున్నారు. ఇంకా కన్నీళ్లు తుడుచుకుంటున్నవాళ్లం ఉలిక్కిపడ్డాం. వెళ్లేటప్పుడు ఇద్దరు వచ్చి, ఆయన మంచి చోటే ఉన్నారు, ఏడవకండి అన్నారు. ఏడవడానికి పిలిచిన చోట ఆ మాట రాకూడదు. అన్నిటికంటే పెద్ద లోటు, ఆ గంట తర్వాత ఏమీ లేకపోవడం. జనవరిలో ఒక్కసారైనా ఎవరో ఒకరు ఫోను చేసేలా ఏర్పాటు ఉండాలి. పండుగ సందడి సద్దుమణిగాకే ఇల్లు మరీ ఖాళీగా అనిపిస్తుంది.

అయినా వెళ్లండి. నడవ పక్కనున్న కుర్చీలో కూర్చోండి, మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే ఎవరినీ దాటాల్సిన పని ఉండదు. వెంట ఎవరినీ తీసుకెళ్లకపోయినా ఫర్వాలేదు.

24వ తేదీ రాత్రి ఆరాధనకు వెళ్లాను. గాయక బృందంతో నిలబడలేదు, చివరి వరుసలో కూర్చున్నాను. అదే పాట వచ్చింది. రెండో చరణం దాటాక కూడా లేవలేదు.