మొదటి సినిమాకు ఏది మేలు: చీకటి కథా, ప్రేమ కామెడీనా?

చేతిలో డబ్బు తక్కువున్న కొత్త దర్శకుడికి చీకటి కథే (నేరం, భయం చుట్టూ తిరిగేది) చవక అనిపిస్తుంది. నాలుగు పాత్రలు, ఒక ఇల్లు, పాటల్లేవు. తీసేంతవరకూ అది నిజమే. కొత్త నటుడు కాస్త బిగుసుకుపోయినా అక్కడ పాత్ర స్వభావంలో కలిసిపోతుంది.

గండమంతా థియేటర్లో. డిజిటల్ ప్రొజెక్షన్ ప్రమాణం ప్రకారం తెర మీద తెలుపు వెలుగు 48 నిట్స్ (వెలుగును కొలిచే ప్రమాణం). లాప్‌టాప్ తెర అంతకు నాలుగైదు రెట్లు వెలుగుతుంది. దాని మీద చూసి గ్రేడింగ్ (రంగు, వెలుగు సరిదిద్దడం) ఖాయం చేస్తే, ల్యాంపు పాతబడ్డ సింగిల్ స్క్రీన్‌లో హీరో మొహమే కనపడదు. రాత్రి సీనుకైనా మొహం మీద సరిపడా లైటు పెట్టి తీసి, గ్రేడింగ్‌లో దించుకోవాలి. తక్కువ లైట్లో తీసి తర్వాత పెంచితే బొమ్మలో నాయిస్, అంటే చుక్కచుక్కల గరుకు, తేలుతుంది. విడుదలకు ముందే డీసీపీని (థియేటర్‌కు పంపే డిజిటల్ కాపీని) ఓ మామూలు హాల్లో వేసి చూడాలి.

తర్వాత సెన్సారు. 'ఎ' (పెద్దలకు మాత్రమే) వచ్చిన సినిమాను టీవీలో వేయడానికి వీల్లేదు. కత్తిరించి, మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2024 నిబంధనలతో యూఏలోనే (పెద్దల సలహాతో పిల్లలూ చూడదగ్గ సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని వయసును బట్టి మూడు మెట్లు వచ్చాయి. ఏ మెట్టు దగ్గర ఆగాలో స్క్రిప్టు రాసేటప్పుడే తేల్చుకోకపోతే, శాటిలైట్ (టీవీ హక్కుల) బేరం అప్పుడే చెయ్యి జారినట్టు.

ప్రేమ కామెడీ అమ్మడం తేలిక, తీయడమే కష్టం. భారమంతా జంట మీద, టైమింగ్ మీద. మాటలకు జాతీయ అవార్డు తెచ్చుకున్న 'పెళ్ళి చూపులు' (2016) సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తూ, తీసింది. ఒకరి మాట మీద ఒకరు పడే సీనుకు ఇద్దరి చేతా విడివిడిగా డబ్బింగ్ చెప్పిస్తే ప్రాణం పోతుంది. సింక్ సౌండ్‌కు జనరేటర్ దూరంగా పెట్టాలి, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపాలి, ప్రతి లొకేషన్లో ఓ నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పటి ఆ చోటి చప్పుడు) పట్టుకోవాలి. ఇద్దరి మీదా ఒకేసారి చెరో కెమెరా నడిస్తే అప్పటికప్పుడు పుట్టిన నవ్వు ఎడిటింగ్‌లో అతుకుతుంది. పెద్ద జోకు వెనకే కథకు కీలకమైన మాట పెట్టకండి, హాలు నవ్వులో ఆ మాట మునిగిపోతుంది. ఎక్కడెక్కడ మునుగుతోందో ముక్కూమొహం తెలియని ప్రేక్షకులకు వేసి చూపిస్తే తెలుస్తుంది, స్నేహితులు ఎలాగూ నవ్వుతారు.

అప్పు తెచ్చి తీసేవాళ్లకు మా ఓటు ప్రేమ కామెడీకే, అదీ జంట కుదిరితేనే. స్క్రిప్టు రీడింగులో ఇద్దరి మధ్య నవ్వు పుట్టకపోతే సెట్‌లోనూ పుట్టదు. అప్పుడు చీకటి కథకే వెళ్లండి, యూఏ 16+ దాటకుండా.