ఎర్రగుంట్ల దుమ్ములో ఎయిర్ ఫోర్కు: ఈ-బైకుకు ఏది పనికొస్తుంది, ఏది దండగ

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, గండికోట వైపు మట్టిదారుల్లో తిరిగే నా ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకుకు సంటూర్ ఎక్స్‌సీఆర్ 34 ఎయిర్ ఫోర్కు (స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసే ముందు సస్పెన్షన్) వేయించుకున్నాక రెండో ఎండాకాలం కూడా దాటింది. తీర్పు ముందే చెప్పేస్తా. ఫోర్కు బాగుంది, పెట్టిన డబ్బు వృథా పోలేదు. అయితే అందరూ మొదట అడిగే ట్రావెల్, అంటే ఫోర్కు ఎంత దూరం కిందికి దిగగలదనేది, దాని వల్ల కాదు ఈ మేలు. ఫోర్కు కాళ్లు (పైన కనిపించే నున్నటి గొట్టాలు) లావుగా ఉండటం, లోపల గాలి సరిగ్గా ఉండటం, దుమ్ము ఎప్పటికప్పుడు తుడవడం, ఈ మూడూ చూసుకుంటేనే ఆ ఫోర్కు ఫోర్కులా పనిచేస్తుంది.

నా బండికి వెనక చక్రం మధ్యలో కూర్చునే 250 వాట్ల హబ్ మోటారు ఉంది. గంటకు 25 కిలోమీటర్లు దాటగానే మోటారు సాయం ఆగిపోతుంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని రకం. బ్యాటరీతో కలిపి 24 కిలోల దాకా తూగుతుంది. వెనకవైపు సస్పెన్షన్ లేదు. కొన్నప్పుడు ముందు 100 ఎంఎం ట్రావెల్ ఉన్న కాయిల్ (స్ప్రింగు) ఫోర్కు వచ్చింది, సన్నటి కాళ్లు, చిన్న లివరు తిప్పి చక్రం విప్పే 9 ఎంఎం క్విక్ రిలీజ్ ఇరుసు. టౌన్లో, తార్రోడ్డు మీద దానికి వంక పెట్టేదేమీ లేదు.

తేడా అంతా బండల గనుల దారిలో బయటపడింది. మా వైపు ఆ దారులు ఎలా ఉంటాయో చూడనివాళ్లకు చెప్పాలి. నాపబండలు కోసిన తర్వాత మిగిలిన ముక్కలను దారి గుంటల్లో పోస్తారు. ట్రాక్టర్లు తొక్కీ తొక్కీ కొన్ని పడుకుంటాయి, కొన్ని నిలబడతాయి. నిలబడినవాటి అంచు కత్తిపీటలా పైకి ఉంటుంది. మామూలు సైకిలు మీద అలాంటి ఎత్తు ఎక్కుతుంటే నడక వేగంలోనే పోతాం కాబట్టి రాయిని చూసి తప్పించుకునే తీరిక ఉంటుంది. మోటారు ఉన్న బండి అదే ఎత్తును గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో ఎక్కేస్తుంది. అంటే దిగేటప్పుడే కాదు, ఎక్కేటప్పుడు కూడా ముందు చక్రం రాళ్లను గట్టిగానే గుద్దుకుంటుంది. పాత ఫోర్కు అక్కడ చేతులెత్తేసింది. బ్రేకు పట్టగానే ముక్కు కిందికి దించేది, ఒక పక్క రాయి తగిలితే కాళ్లు మెలితిరిగి హ్యాండిల్ ఒక దిక్కు, చక్రం ఒక దిక్కు పోయినట్టుండేది.

34 ఎంఎం కాళ్లు, ఫోర్కు రెండు వైపులా దూరి బిగుసుకునే 15 ఎంఎం లావు ఇరుసు (త్రూ యాక్సిల్) వచ్చాక ఆ మెలి పోయింది. నాకు కనిపించిన పెద్ద తేడా ఇదే. మెత్తదనం దీని తర్వాతే. 24 కిలోల బండి, పైన 76 కిలోల మనిషి, వీపున నీళ్ల బ్యాగు, ఇంత బరువును ఒక్కసారిగా ఆపేటప్పుడు ఫోర్కు ముందుకూ వెనక్కూ ఊగకుండా నిలబడటం ముఖ్యం. ఈ-బైకు కోసం ఫోర్కు చూసేవాళ్లు మొదట అడగాల్సింది కాళ్ల మందం, యాక్సిల్ రకం. 30 ఎంఎం కాళ్ల ఫోర్కులు మామూలు తేలిక సైకిళ్లకు చక్కగా సరిపోతాయి. మోటారు బండికి నేనైతే 34, 35 ఎంఎం కంటే తక్కువ తీసుకోను.

దీనికి ఎదురుగా ఇంకో పిచ్చి ఉంది. "అన్నా, ఎట్లాగూ మారుస్తున్నాం కదా, 160 ఎంఎం ట్రావెల్‌ది వేయించుకుంటే పోలా?" అని రైడ్‌కు వచ్చే తమ్ముళ్లు అడుగుతుంటారు. ఫాక్స్ 38, రాక్‌షాక్స్ జెబ్ లాంటివి 38 ఎంఎం కాళ్లతో భారీగా ఉంటాయి, చూడ్డానికి గొప్పగా ఉంటాయి. అవి వెనక కూడా సస్పెన్షన్ ఉండి, దానికి తగ్గ ఫ్రేము ఉన్న బండ్లకు. వెనక సస్పెన్షన్ లేని మన హార్డ్‌టెయిల్ బండికి తగిలిస్తే ముందుభాగం లేచిపోతుంది. 20 ఎంఎం పొడవు పెరిగితే హెడ్ యాంగిల్, అంటే ఫ్రేము మెడ నిలబడే కోణం, సుమారు ఒక డిగ్రీ వాలిపోతుంది. అరవై పెంచితే మూడు డిగ్రీలు. అప్పుడు గండికోట ఘాటు లాంటి ఎత్తులో వెనక నుంచి మోటారు తోస్తుంటే ముందు చక్రం నేల మీద ఆనదు, అటూ ఇటూ తిరుగుతూ పోతుంది. పైగా పొడవు పెరిగిన కొద్దీ ఫ్రేము మెడ దగ్గరి అతుకుల మీద పడే ఒత్తిడీ పెరుగుతుంది. ఫ్రేము తయారుచేసినవాళ్లు ఎంత ట్రావెల్ దాకా ఒప్పుకుంటారో కనుక్కుని దాని లోపలే ఉండాలి. నేను 100 నుంచి 120కి వెళ్లా. ఎయిర్ ఫోర్కు మనిషి ఎక్కగానే పాతదానికంటే ఎక్కువ దిగుతుంది కాబట్టి కూర్చున్నాక ఎత్తులో పెద్ద తేడా తెలియలేదు.

బిగింపు దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. కొనకముందే టేపు తీసుకుని హెడ్‌ట్యూబు (ఫ్రేము మెడ గొట్టం) లోపలి కొలత చూడాలి. పాత ఫోర్కు స్టీరర్, అంటే ఆ మెడలోంచి హ్యాండిల్ దాకా పోయే గొట్టం, పైనుంచి కిందదాకా ఒకే లావు, 28.6 ఎంఎం. కొత్తవి ఎక్కువగా కింద ఒకటిన్నర అంగుళాల లావుండే టేపర్డ్ రకం. నా ఫ్రేము హెడ్‌ట్యూబు 44 ఎంఎం కావడం కలిసొచ్చింది. కింద బయటికి ఉండే కప్పు ఉన్న హెడ్‌సెట్ (మెడలో తిరిగే బేరింగుల సెట్టు) వేస్తే టేపర్డ్ స్టీరర్ పట్టింది. హెడ్‌ట్యూబు అంతకంటే సన్నగా ఉంటే టేపర్డ్ ఫోర్కు మాట మర్చిపోయి, సమాన లావు స్టీరర్ ఉన్న మోడల్ వెతుక్కోవాల్సిందే. తర్వాత చక్రం. 9 ఎంఎం క్విక్ రిలీజ్ హబ్బు, 15 ఎంఎం ఇరుసు, 110 ఎంఎం వెడల్పు ఉండే 15×110 బూస్ట్ ఫోర్కులో కూర్చోదు. హబ్బు మార్చి చువ్వలు మళ్లీ కట్టించాలి, లేదా చక్రమే కొత్తది కొనాలి. నేను చక్రం కొన్నా. ఫోర్కు, చక్రం, హెడ్‌సెట్, కూలీ అన్నీ కలిపితే బండి ధరలో సగానికి దగ్గరగా తేలింది. ఫోర్కు రేటు ఒక్కటే చూసి లెక్క వేసుకోకండి. బండి వారంటీలో ఉంటే ఆ కాగితం కూడా ఒకసారి చదవండి.

ఇక గాలి. ఎయిర్ ఫోర్కు గొప్పదనమూ అదే, తలనొప్పీ అదే. బైకు టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ దీనికి పనికిరాదు. లోపల జాగా చిన్నది, ఒక్క బుస్సుకే లెక్క తప్పుతుంది. చేతిలో పట్టే షాక్ పంపు తప్పనిసరి, ఫోర్కుతో పాటే కొనండి. బండెక్కి, మామూలుగా రైడ్‌కు వేసుకునే బ్యాగుతో సహా నిలబడితే ఫోర్కు ఎంత దిగిందో కాలి మీదున్న రబ్బరు రింగు చూపిస్తుంది. రింగు లేకపోతే జిప్ టై ఒకటి వదులుగా కట్టుకోండి. 120లో 24 నుంచి 30 ఎంఎం దాకా దిగితే మన దారులకు సరి. నాకు 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర 25 ఎంఎం దిగుతుంది. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సు చూసి గాలి పోయిందని కంగారు పడొద్దు, అది గొట్టంలోని గాలి. మళ్లీ పంపు తగిలిస్తే ముల్లు తక్కువ చూపించేది కూడా ఆ గొట్టం నిండటం వల్లే.

మా వైపు ఎండ సంగతి విడిగా చెప్పుకోవాలి. మే నెలలో తెల్లవారి 27 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ పెట్టి బయల్దేరితే, మధ్యాహ్నం 42కి చేరేసరికి అదే గాలి 85 దాకా పోతుంది. ఎండలో నిలబెట్టిన బండి ఇనుము పట్టుకోలేనంత కాలుతుంది కాబట్టి ఇంకా పైకి కూడా పోవచ్చు. పొద్దున మెత్తగా ఉన్న ఫోర్కు తిరుగు ప్రయాణంలో కొట్టినట్టుగా అనిపిస్తే కారణం ఇదే. ఎండాకాలంలో నేను పొద్దున్నే నాలుగైదు పీఎస్ఐ తగ్గించి పెడతా. రీబౌండ్ (దిగిన ఫోర్కు మళ్లీ పైకి లేచే వేగాన్ని అదుపు చేసే మర) మాత్రం ఒకసారి కుదిరాక కదపను. ఆ అదుపు తక్కువ ఉంటే రాయి దాటగానే హ్యాండిల్ ఎగిరి చేతుల్ని తంతుంది. మరీ ఎక్కువైతే వరస రాళ్ల మీద ఫోర్కు పైకి లేచే లోపే ఇంకో దెబ్బ పడి, పోను పోను కిందే ఉండిపోతుంది.

ఫోర్కు కదలకుండా బిగించే లాకౌట్ ఉంది, దాన్ని వాడటం దాదాపు మానేశా. తొక్కుడులో పోయే బలం మిగలాలని పెట్టిన సౌకర్యం అది. ఆ బలం మోటారు ఇస్తున్నప్పుడు ఫోర్కును బిగించి రాళ్లెక్కడం దేనికి? హ్యాండిల్ మీద నుంచే లాక్ చేసే రిమోట్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఈ-బైకు మీద శుద్ధ దండగ.

దుమ్ము దగ్గరికి వస్తే, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, బండల పాలిష్ మిషన్లు. రోడ్డు పక్కనే బూడిదరంగు పౌడరు పేరుకుని ఉంటుంది. ఒక్క రైడ్ అయ్యాక ఫోర్కు కాలు చూడండి. దుమ్ము లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీలు ఆగిన చోట సన్నటి నూనె చార కనిపిస్తే అది ఆరోగ్యమే. చార లావుగా, బూడిదరంగులో, వేలితో రాస్తే గరగరమంటూ ఉంటే అది నూనెలో కలిసిన రాతిపొడి. తుడవకుండా మళ్లీ బండెక్కితే ప్రతి గుంటకూ ఆ పేస్టు కాలి పూతను అరగదీస్తుంది. పాత బనియను గుడ్డతో పొడిగా తుడవడం, గీత పడిందేమోనని గోటితో పైకీ కిందికీ రాసి చూడటం, రెండు నిమిషాల పని. స్కూటర్ల వాటర్ సర్వీసింగ్‌లో కొట్టే ప్రెషర్ నీళ్లు మాత్రం సీళ్ల మీద, హబ్ మోటారు మీద పడనివ్వద్దు.

ఎయిర్ ఫోర్కులకు సాధారణంగా 50 గంటల వాడకానికోసారి కింది కాళ్లు (చక్రాన్ని పట్టుకునే బయటి గొట్టాలు) విప్పి శుభ్రం చేయమంటారు. మన దుమ్ములో ఎండాకాలం అందులో సగానికే విప్పాలి. లోపల సీలు కింద ఒక స్పాంజి రింగు ఉంటుంది, అది నూనె తాగి ఉండాలి. ఎండిపోతే ఫోర్కు చిన్న చిన్న గతుకులకు కదలనే కదలదు. ఊళ్లో టూవీలర్ మెకానిక్ ఒకాయనతో చేయిస్తుంటే, పాపం మంచి మనసుతోనే, "ఆయిలు చానా తక్కువుండాది న్నా, ఇంకో గుక్కెడు పోద్దామా?" అన్నాడు. వద్దని ఆపేశా. మోటారుసైకిలు ఫోర్కుకు గ్లాసుడు పోసిన అలవాటు ఆయనది. ఇందులో కింది కాళ్లకు కావాల్సింది కొన్ని మిల్లీలీటర్లే. ఎక్కువ పోస్తే లోపల జాగా తగ్గిపోయి ట్రావెల్ మధ్యలోనే ఆగిపోతుంది. ఫోర్కు కదలికను నూనెతో అదుపు చేసే డ్యాంపర్ లోపలి పనైతే బెంగళూరుకు పంపడమే మేలు.

ఫోర్కు కాకుండా మిగతా మార్పుల్లో మొదటి స్థానం టైర్లది. నిజానికి చాలామందికి ఫోర్కు కంటే ముందు ఇదే కావాలి. ముందు 2.4 అంగుళాల టైరు ట్యూబ్‌లెస్ చేసి, నా బరువుకు 24 పీఎస్ఐ పెడితే సగం గతుకులు టైరే మింగుతుంది. కంపచెట్ల ముళ్లు, పల్లేరుకాయలు ఉన్న ఊళ్లో ట్యూబ్‌లెస్ ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు. టైరులో పోసే, ముళ్ల కన్నాలు పూడ్చే సీలెంటు మాత్రం ఎండకు తొందరగా ఎండిపోతుంది, తరచూ పోసుకోవాలి. రెండోది బ్రేకులు. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులకు మారేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. బ్రేకు పట్టగానే మోటారు ఆగేలా పాత లివర్లలో స్విచ్ ఉంటుంది. స్విచ్ లేని లివర్ వేస్తే బ్రేకు పట్టినా మోటారు ఒక క్షణం తోస్తూనే ఉండొచ్చు. కట్-ఆఫ్ ఉన్న ఈ-బైకు లివర్లు, మన కంట్రోలర్ వైరుకు కుదిరే కనెక్టరుతో దొరుకుతాయి, అవే తీసుకోండి. ముందు బ్రేకు డిస్కు 180 ఎంఎం చాలు. అంతకంటే పెద్దది వేసేముందు ఫోర్కు ఎంతవరకు ఒప్పుకుంటుందో చూడండి.

నడుము నొప్పి అని ఫోర్కు గురించి అడిగేవాళ్లకు మాత్రం ఫోర్కు వద్దంటా. హార్డ్‌టెయిల్ మీద నడుముకు తగిలేది వెనక చక్రం దెబ్బ, అందులో మోటారు బరువు కూడా ఉంది. సస్పెన్షన్ సీట్‌పోస్ట్ (సీటు కింద కుదుపు మింగే గొట్టం) వేసుకుంటే ఫోర్కు ఖర్చులో చిన్న వంతుతో పని అయిపోతుంది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు రోడ్డు మీదే పోయి వచ్చేవాళ్లకు కూడా పాత కాయిల్ ఫోర్కే నయం. దానికి గాలి లెక్కా లేదు, సీళ్ల చాకిరీ తక్కువ.

గనుల దారులు, నెర్రెలు విచ్చిన రేగడి చేలు, గండికోట చుట్టూ ఉన్న బండనేల, ఇలాంటి చోట్ల వారం వారం తిరిగేవాళ్లు ఈ తరగతి ఫోర్కు ధైర్యంగా తీసుకోవచ్చు. కొన్నరోజే ఒక జత డస్ట్ సీళ్లు, స్పాంజి రింగులు కూడా తెప్పించి పెట్టుకోండి. ఇక్కడ దుకాణాల్లో అవి ఉండవు, ఆన్‌లైన్లో కూడా కావాల్సినప్పుడు స్టాకు ఉండదు. ఆర్డరు చేసేటప్పుడు కాళ్ల కొలత ఒక్కటే చెబితే చాలదు. ఒకే కొలతలో రకరకాల సీళ్లు ఉంటాయి కాబట్టి ఫోర్కు మీదున్న మోడల్ స్టిక్కరు ఫోటో తీసి పంపండి. ఆ స్టిక్కరు కూడా దుమ్ముకు అరిగిపోతుంది, కొత్తగా ఉన్నప్పుడే ఫోటో తీసిపెట్టుకోండి.