8 ఏళ్లు, 1,32,000 కిలోమీటర్లు: ఈ బండీ, దీన్ని కొనిపించిన మా బ్యాచ్

మొన్న మీటరు 1,32,000 దాటింది. 2017లో కొన్న పెట్రోల్ సెడాన్, మాన్యువల్ గేర్లు. కొన్న వారానికే రాసే రివ్యూలు నేను చాలా చదివాను. వాటిలో కొత్త బండి సంబరమే ఎక్కువ ఉంటుంది. ఎండకీ వానకీ ఎనిమిదేళ్లు నడిపాక ఏం తేలిందో రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. కంపెనీ పేరు, మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు చెప్పగానే అది నచ్చేవాళ్లు ఒక పక్క, నచ్చనివాళ్లు ఒక పక్క చేరిపోతారు, అసలు విషయం పక్కకు పోతుంది. బండి కొనేటప్పుడు, నడిపేటప్పుడు మొహమాటపడకుండా తప్పు చెప్పే నలుగురు పక్కన ఉండటం ఏ ఫీచర్ కన్నా గొప్పదని నా అనుభవం. ఈ రివ్యూలో సగం వాళ్ల గురించే ఉంటుంది.

మాది ఏడెనిమిది మంది బ్యాచ్. అందరికీ కార్లంటే పిచ్చి. ఒకరినొకరు బండి పేరుతోనే పిలుచుకుంటాం. అందరికన్నా పెద్దాయన డీజిల్ అన్న. ఆయన తర్వాత ఎర్ర హ్యాచ్‌బ్యాక్ తమ్ముడు, జీపాయన, ఇలా. నేను చేరేనాటికి నాకు సొంత బండి లేదు. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ మీద మాత్రం మనసు పడి ఉన్నాను. దాదాపు అదే ధరలో సన్‌రూఫ్ లేకుండా ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంట్ ఇంకొకటి ఉంది. ఈఎస్‌సీ అంటే బండి అదుపు తప్పి పక్కకు జారబోతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో నిలబెట్టే ఏర్పాటు. "నేను అంత స్పీడుగా నడపనులే అన్నా" అన్నాను. డీజిల్ అన్న వాదించకుండా 1997 నాటి సంగతి ఒకటి చెప్పారు. స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు మెర్సిడెస్ ఏ-క్లాస్‌ను పరీక్షిస్తూ, రోడ్డుకు అడ్డంగా జంతువు వస్తే తప్పించినట్టు ఒక్కసారిగా పక్కకు తిప్పి చూశారు. కొత్త బండి బోల్తా పడింది. కంపెనీ కొన్నాళ్లు అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ సరిచేసి, అప్పటిదాకా ఖరీదైన కార్లకే ఉన్న ఈ ఏర్పాటును ఆ చిన్న కార్లన్నిటికీ ఇచ్చింది. "అది రేసు కాదు తమ్ముడూ. కుక్క అడ్డం వస్తే మనమందరం చేసే పనే" అన్నారు. సన్‌రూఫ్ ఆలోచన ఆ రోజే మానేశాను.

బండిని గుద్దించి చూసే పరీక్షల్లో భద్రతకు ఇచ్చే స్టార్ రేటింగుల విషయంలోనూ నా కళ్లు తెరిపించింది వీళ్లే. నేను స్టార్లు లెక్కపెట్టి ఆగిపోయేవాణ్ణి. ఆ పరీక్ష ఏ ఏడాది జరిగింది, ఏ వేరియంట్‌కు జరిగింది, బాడీ నిలకడగా ఉందన్నారా లేదన్నారా, వెనక సీట్లో పిల్లలకు ఎంత వచ్చింది, ఇవన్నీ చూడాలని నేర్పారు. నిబంధనలు ఏళ్లు గడిచేకొద్దీ కఠినమవుతాయి కాబట్టి పాత ఐదు స్టార్లూ కొత్త ఐదు స్టార్లూ ఒకటి కావు. ఎదురుగా గుద్దే పరీక్షల్లో బాగా తెలిసినది గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేసేది. నిజంగా జరిగే ప్రమాదం ఆ వేగం దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు.

టెస్ట్ డ్రైవ్‌కు ఇద్దరు నాతో వచ్చారు. నేను నడుపుతుంటే తమ్ముడు వెనక సీట్లో మధ్యలో కూర్చున్నాడు. అక్కడ మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా, తల వెనక దిండు తల ఎత్తుకు వస్తుందా అని చూశాడు. జీపాయన తన పిల్లాడి చైల్డ్ సీటు మోసుకొచ్చి, ఐసోఫిక్స్ కొక్కేలకు తగిలించి, ఊపి మరీ చూశాడు. రాత్రిపూట కూడా ఒకసారి నడిపి చూడమని వాళ్లు గట్టిగా చెప్పారు. నేను బద్ధకించాను. ఎనిమిదేళ్లుగా ఈ బండి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు హెడ్‌లైట్లే. వెలుగు పసుపుగా, పొట్టిగా పడుతుంది, అంచుల్లో చీకటి. వాట్లు ఎక్కువున్న బల్బులు వేయిద్దామంటే డీజిల్ అన్న ఒప్పుకోలేదు. రిఫ్లెక్టరు ఆ బల్బు కోసం చేసింది కాదు, వైరింగ్ వేడెక్కుతుంది, ఎదురొచ్చేవాళ్ల కళ్లు పోతాయి అన్నారు. ఆయన మాట విని లైట్ల కోణం సరిచేయించాను, పాతబడ్డ లెన్సులు పాలిష్ పట్టించాను. కొంచెం మెరుగైంది. అయినా చీకట్లో ఈ బండిని 70 దాటించను. కొనబోయేవాళ్లు దయచేసి రాత్రి నడిపి చూడండి.

డెలివరీకి ముందు బండిని అన్ని వైపులా పరీక్షించి చూసుకునే పీడీఐ రోజున తమ్ముడు టార్చి పట్టుకుని నేల మీద కూర్చుని టైర్ల మీది అంకెలు చదివాడు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. మా బండికి మూడు టైర్లూ స్టెప్నీ 1117, అంటే 2017లో పదకొండో వారం. నాలుగోది మాత్రం 0616. ఏడాదికి పైగా పాతది. షోరూమ్‌వాళ్లు ముందు "ఏం కాదు సార్" అన్నారు, తర్వాత మార్చారు. నేనొక్కణ్ణే వెళ్లుంటే సీటు కవర్ల రంగు చూసుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి.

బండి వచ్చిన పదో రోజు నన్ను ఒక ఖాళీ మైదానానికి తీసుకెళ్లారు. వరసగా నీళ్ల సీసాలు పెట్టి, 60లో వచ్చి ఇక్కడ బ్రేకు మీద నిలబడు అన్నారు. తొక్కాను. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంది, కింద ఏదో విరిగినట్టు గరగర శబ్దం. భయపడి కాలు తీసేశాను. బండి సీసాలన్నీ తొక్కుకుంటూ పోయింది. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు అలాగే ఉంటుందని పుస్తకంలో చదివాను, కానీ కాలికి తెలియదు కదా. "మళ్లీ రా. అది కొట్టుకుంటుంటే ఇంకా తొక్కు, కాలు తీయకు, స్టీరింగ్ తిప్పు" అన్నారు. ఎనిమిదిసార్లు తొక్కించారు. ఆరోసారికి బండి ఆగేలోపే సీసాల పక్క నుంచి తిప్పగలిగాను. నా బండిలో నేను చేసిన పనులన్నిటిలో విలువైనది ఆ గంట. లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరూ, తెలిసినవాళ్లు పక్కన ఉండగా, ఎవరూ లేని చోట ఒక్కసారైనా ఇది చేసి చూడాలి.

రెండో నెలలో నేనొక పెద్ద తప్పు చేశాను. అందరం కలిసి కొండ దారిలో వెళ్తున్నాం. మా పద్ధతి ప్రకారం దారి తెలిసినవాడు ముందు, అనుభవం ఉన్నవాడు చివర, మధ్యలో ఎవరూ ఎవరినీ దాటరు. ముందు బండి కనిపించకపోతే కంగారుపడి తరమకూడదు, తర్వాతి మలుపు దగ్గర వాళ్లే ఆగుతారు. నేను వెనకబడ్డానని టెన్షన్ పడి, మలుపులో ఒక లారీని దాటేశాను. ఎదురుగా ఏమీ రాలేదు. అంతే నా అదృష్టం. తర్వాత ఆగిన చోట డీజిల్ అన్న నలుగురిలో ఒక్క మాట అనలేదు. తన తాళాలు తమ్ముడికిచ్చి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. తర్వాతి 60 కిలోమీటర్లు ప్రతి మలుపు ముందూ ఒకే ప్రశ్న. "ఎంత దూరం కనపడుతోంది?" నేను చెప్పేవాణ్ణి. "అందులో సగం దూరంలో ఆగగలవా?" అంతే. ఆ సగం ఎందుకంటే, ఎదుటివాడు కూడా మన వైపే వస్తుంటాడు కదా. ఇప్పటికీ మలుపు రాగానే ఆ ప్రశ్న ఆయన గొంతుతోనే వినిపిస్తుంది.

ఇక బండి సంగతి. ఇంజిన్ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. మైలేజీ సిటీలో 12-13, హైవే మీద 90 దాటకుండా నడిపితే 18. క్లచ్ 94,000 దగ్గర మార్చాను, బ్యాటరీ ఇప్పుడున్నది మూడోది. ముందు సస్పెన్షన్ బుష్‌లు రెండుసార్లు పోయాయి, గుంతల్లో కటకట శబ్దం వచ్చిందంటే అవే. ఏసీ కూలింగ్ కాయిల్ ఐదో ఏట లీకైంది. టచ్‌స్క్రీన్ ఒక మూల పనిచేయడం మానేసి రెండేళ్లయింది, దాని గురించి నేను పట్టించుకోవడమే మానేశాను. ముందు సీట్లు దూర ప్రయాణానికి చాలా బాగుంటాయి, ఐదు గంటలు కూర్చున్నా నడుం పట్టదు. వెనక సీట్లో పొడుగువాళ్లకు తల పైకప్పుకు తగులుతుంది.

బండితో వచ్చిన టైర్లు మైలేజీ కోసం గట్టి రబ్బరుతో చేసినవి, తడి రోడ్డు మీద పట్టు తక్కువ. 46,000 దగ్గర మార్చేశాను. అప్పటికి గాడి లోతు 3 మిల్లీమీటర్లు ఉంది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునేది 1.6 దాకా. కానీ నీటిని పక్కకు తోయాల్సింది ఆ గాడులే కాబట్టి, వానాకాలం ముందు 3 దగ్గరే మార్చడం మా బ్యాచ్ అలవాటు. కొత్త టైర్లతో మైలేజీ అర కిలోమీటరు తగ్గింది, నాకు బాధేమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం సర్వీస్ సెంటర్ మీద ఇప్పటికీ కోపం ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకునేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, పొడుగాటి దిగుడులో పెడల్ మెత్తబడిపోతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. నాలుగో ఏడు బిల్లులో మార్చినట్టు రాసి డబ్బు తీసుకున్నారు. జీపాయన మూత తీసి చూస్తే ఫ్లూయిడ్ టీ డికాక్షన్ రంగులో ఉంది. టెస్టర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. వెనక్కి తీసుకెళ్లి, ఎదురుగా నిలబడి మార్పించాను. అప్పటి నుంచి ఆ పని నా కళ్ల ముందే జరగాలి.

మా అమ్మ వెనక సీట్లో బెల్టు పెట్టుకునేది కాదు. ఊపిరాడనట్టు ఉంటుందనేది. నేను ఎంత చెప్పినా వినలేదు. మా బ్యాచ్‌లో అందరి క్లిక్కులూ వినపడితేగానీ బండి కదలదు. ఒకసారి డీజిల్ అన్న స్టీరింగ్ ముందు కూర్చుని, బండి కదిలించకుండా అమ్మ వైపు తిరిగి, "ఈ పట్టీని 1959లో వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడమ్మా. అంతకుముందు విమానాల్లో పైలట్లను బయటకు విసిరే సీట్ల మీద పనిచేసినవాడు. పేటెంట్ ఉన్నా మిగతా కంపెనీలన్నీ వాడుకోవచ్చని వదిలేశారు" అని చెప్పారు. అమ్మ కాసేపు ఆగి "అందరికీ ఇచ్చేశారా?" అంది. పెట్టుకుంది.

అదే అమ్మ, 2021లో, వాన పడుతున్న ఒక సాయంత్రం వెనక సీట్లో ఉంది. పక్కన చైల్డ్ సీట్లో మా అబ్బాయి. నేను 80లో ఉన్నాను, అంటే సెకనుకు 22 మీటర్లు. ముందు వెళ్తున్న వ్యాను ఒక్కసారిగా పక్కకు తప్పుకుంది. దాని వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాలీ. నేను ఆలోచించిందేమీ లేదు, కాలు దానంతట అదే పోయింది. పెడల్ టకటకా కొట్టుకుంది, మైదానంలో కొట్టుకున్నట్టే. తీయలేదు. స్టీరింగ్ తిప్పాను. బండి వెనక భాగం పక్కకు వెళ్లబోయి, ఎవరో పట్టి లాగినట్టు తిరిగి వచ్చింది, డ్యాష్‌బోర్డు మీద ఈఎస్‌సీ పసుపు లైటు మినుకుమినుకుమంది. ట్రాలీని దాటి రోడ్డు పక్క మట్టిలో ఆగాం. వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి. అబ్బాయి "నాన్నా, మళ్లీ" అన్నాడు, వాడికి ఆటలా ఉంది. ఇంటికెళ్లాక చూస్తే అమ్మ భుజం మీద బెల్టు ఒరుసుకున్న ఎర్రటి చార. అది పోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను దాన్ని చూస్తూనే ఉన్నాను.

ఇంకొకటి. రెండేళ్ల క్రితం అర్ధరాత్రి హైవే మీద టైరు పేలింది, స్టెప్నీలో గాలి లేదు. అది పూర్తిగా నా తప్పు, నెలకోసారి నాలుగు టైర్లకూ గాలి చూసి ఐదోదాన్ని వదిలేశాను. తమ్ముడికి ఫోన్ చేస్తే బండికి ఏమైందని అడగలేదు. "ఎక్కడ నిలబడ్డావన్నా?" అన్నాడు. బండి వెనకాలే అన్నాను. "ముందు అక్కణ్ణుంచి కదులు. వదినని కూడా దింపు. కంచె దాటి అవతల, బండికి కాస్త వెనక్కి నిలబడండి. తర్వాత మాట్లాడదాం." ట్రయాంగిల్ ఎంత దూరంలో పెట్టానో అడుగుల లెక్కన చెప్పించుకున్నాడు. 70 కిలోమీటర్లు వచ్చి, తన స్టెప్నీ మా బండికి పట్టదని తెలిసి ఎయిర్ పంపూ పంచర్ కిట్టూ కూడా తెచ్చాడు. కారుతున్న స్టెప్నీకి పురి వేసి, గాలి కొట్టి, మేం ఇల్లు చేరేదాకా మా వెనకే హజార్డ్ లైట్లతో 50లో నడిపాడు.

ఈ బండిని ఎవరికి చెబుతాను? ఇంట్లో నలుగురు ఉండి, ఎక్కువగా పగలే తిరిగేవాళ్లకు కళ్లు మూసుకుని చెబుతాను. రాత్రి ప్రయాణాలే ఎక్కువైతే వద్దు, లైట్లు మంచివి ఉన్నది చూసుకోండి. నేను మాత్రం అమ్మడం లేదు. పోయిన ఆదివారం లిఫ్ట్ మీద ఎక్కించి అందరం కింద నిలబడి చూశాం, ఎక్కడా తుప్పు లేదు, వెనక షాక్ అబ్సార్బర్లు రెండూ నూనె కారుతున్నాయి. వచ్చే నెల అవి మార్పించాలి. స్టెప్నీ ఇంకా 1117దే, అది కూడా.