24 ప్రసంగాల్లో ఆలోచనల చరిత్ర: ఒక శ్రవణ పాఠ్యక్రమంపై సమీక్ష

సమాజాన్ని మార్చిన ఆలోచనాపరుల గురించి ఒక ఆన్‌లైన్ విద్యావేదిక అందిస్తున్న 24 ప్రసంగాల పాఠ్యక్రమాన్ని గత రెండు నెలల్లో మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఒక్కో ప్రసంగం సుమారు అరగంట ఉంటుంది. ప్రతిదానికీ తెలుగు ఉపశీర్షికలు, బొమ్మలతో కూడిన ఒక చిన్న పుస్తకం, చివర ఒక పరీక్ష ఉన్నాయి. ఇటువంటి కోర్సులు వినే అలవాటున్నవారికి, ఇది కూడా మహనీయుల జీవిత చరిత్రలను వరుసగా గుచ్చిన దండే అవుతుందేమోనన్న అనుమానం ముందే ఉంటుంది. సగం వరకు ఆ అనుమానం నిజమే. తక్కిన సగంలో మాత్రం ప్రసంగకర్త ఆలోచన ఎవరికి తట్టిందన్న దానికంటే, అది ఎవరి చేతుల మీదుగా జనంలోకి వెళ్లింది, ఎక్కడ ఎందుకు ఆగిపోయింది అన్న ప్రశ్నలను పట్టుకున్నారు. ఆ సగం కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను.

అన్నింటిలోకీ మేలైనది, వైద్యులు చేతులు కడుక్కోవాలని పట్టుబట్టిన వైద్యుడు సెమ్మెల్‌వైస్‌పై ఉన్న 18వ ప్రసంగం. వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా తల్లులు మరణించగా, రెండవ విభాగంలో ఆ సంఖ్య మూడుకు లోపే ఉంది. 1847లో శవపరీక్ష చేస్తున్న సమయంలో ఒక విద్యార్థి చేతిలోని కత్తి తగిలి, ఆ గాయం విషమించి కొల్లెట్ష్కా అనే వైద్యుడు మరణించాడు. ఆయన శరీరంలో కనబడిన లక్షణాలు సూతికా జ్వరంతో, అంటే ప్రసవం తర్వాత వచ్చే జ్వరంతో, మరణించిన తల్లుల లక్షణాలను పోలి ఉండడం చూసి, శవాల గది నుంచి ప్రసూతి గదికి వచ్చే విద్యార్థుల చేతులే ఆ వ్యాధిని మోసుకొస్తున్నాయని సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటితో చేతులు కడుక్కోవాలన్న నియమం మే నెలలో మొదలైంది. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్ నాటికి దాదాపు రెండు శాతానికి దిగివచ్చాయి.

సాధారణంగా కథ ఇక్కడితో ముగుస్తుంది, వినేవారు చప్పట్లు కొడతారు. ఈ ప్రసంగంలో అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. ఇంత స్పష్టమైన అంకెలు చేతిలో ఉన్నా వైద్యలోకం ఎందుకు కదలలేదు? సూక్ష్మజీవుల సిద్ధాంతం అప్పటికి లేదు కనుక, చేతులకు అంటుకుని వస్తున్నదేమిటో ఆయన చెప్పలేకపోయాడు. తన పరిశోధనను పుస్తకంగా 1861 వరకు ప్రచురించలేదు. ప్రచురించాక, అంగీకరించని ఆచార్యులపై బహిరంగ లేఖలతో విరుచుకుపడ్డాడు. వీటన్నిటికీ మించి, ఆయన మాట ఒప్పుకున్న ప్రతి వైద్యుడూ తన చేతులతో తానే ఎందరో తల్లుల ప్రాణాలు తీశానని కూడా ఒప్పుకోవలసి ఉంటుంది. 1865లో సెమ్మెల్‌వైస్ ఒక మానసిక చికిత్సాలయంలో మరణించాడు. రెండేళ్ల తర్వాత, సూక్ష్మజీవులపై పాశ్చర్ చేసిన పరిశోధనలను ఆధారంగా చూపుతూ శస్త్రవైద్యుడు లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతిని ప్రకటించాకనే గాలి మళ్లడం మొదలైంది. ఈ ప్రసంగాన్ని నేను మూడుసార్లు విన్నాను.

14వ ప్రసంగం ఇటలీ ఆలోచనాపరుడు బెక్కారియాపై ఉంది. ఆయన 1764లో, 26 ఏళ్ల వయసులో, నేరాలు, శిక్షలపై ఒక చిన్న పుస్తకాన్ని పేరు లేకుండా ప్రచురించాడు. చిత్రహింస పెట్టి నిజం రాబట్టాలనుకోవడం నేరాన్ని కాక దేహబలాన్ని పరీక్షించడమే అవుతుందని, అందులో బలహీనుడైన నిర్దోషి దొరికిపోయి, దృఢకాయుడైన దోషి తప్పించుకుంటాడని ఆయన వాదించాడు. ఆ వాదాన్ని వివరించడానికి ప్రసంగకర్త తీసుకున్న సమయం తక్కువే, తక్కినదంతా పుస్తకం చేసిన ప్రయాణానికే కేటాయించారు. మోర్లే అనే ఫ్రెంచి అనువాదకుడు మూలంలోని అధ్యాయాల క్రమాన్ని తనకు నచ్చినట్టు మార్చివేశాడు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ దానికి వ్యాఖ్యానం రాశాడు. క్యాథలిక్ చర్చి 1766లో దానిని నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది. ఆ మరుసటి ఏడాది రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరిన్ తన శాసన సూచనల్లో దాని నుంచి ధారాళంగా తీసుకుంది. 1786లో ఇటలీలోని టస్కనీ రాజ్యం మరణశిక్షనే రద్దు చేసింది. ఒక యువకుడి వాదన 22 ఏళ్లలో చట్టంగా మారడానికి అనువాదకుడు, వ్యాఖ్యాత, పాలకులు ఎవరికి వారు ఏం చేశారో ఇంత వివరంగా నేను మరెక్కడా వినలేదు.

ఇదే చూపు క్రైస్తవ మత సంస్కర్త లూథర్‌పై ఉన్న ఏడవ ప్రసంగంలో కనబడకపోవడం నిరాశ కలిగించింది. చర్చిని విమర్శించే తన 95 ప్రతిపాదనలను లూథర్ చర్చి తలుపుకు సుత్తితో మేకులు కొట్టి తగిలించే దృశ్యాన్ని పది నిమిషాల పాటు నాటకీయంగా వర్ణించారు. ఆ ఘటన అసలు జరిగిందా అని చరిత్రకారులు సందేహిస్తున్నారన్న మాట కూడా చెప్పలేదు. 1517లో లాటిన్‌లో రాసిన ఆ 95 ప్రతిపాదనలను ఆ ఏడాది ముగిసేలోగా వేర్వేరు నగరాల ముద్రాపకులు అచ్చు వేశారన్న విషయానికి దక్కింది రెండు వాక్యాలే. శతాబ్దం ముందు చర్చిని దాదాపు ఇదే తీరున విమర్శించిన చెక్ మతబోధకుడు యాన్ హుస్‌ను 1415లో కాల్చి చంపారు. అప్పటికి ఐరోపాలో అచ్చుయంత్రం లేదు. ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి ఉంటే, ప్రసంగకర్త 14, 18 ప్రసంగాల్లో చెప్పబోయేదానికి ఇక్కడే పునాది పడేది.

స్త్రీల హక్కులకు కేటాయించిన ప్రసంగం మరీ పలుచన. ఇంగ్లండ్ రచయిత్రి వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కులపై 1792లో రాసిన గ్రంథాన్ని ఆరు నిమిషాల్లో ముగించి, నేరుగా 1893లో న్యూజీలాండ్ స్త్రీలకు దక్కిన ఓటు హక్కు దగ్గరకు దూకేశారు. మధ్యలో ఉన్న నూరేళ్లలో ఎవరేం చేశారన్నది వదిలేశారు. న్యూజీలాండ్‌లో ఆ ఏడాది దాదాపు 32,000 మంది స్త్రీలు సంతకాలు చేసిన అర్జీలు చట్టసభకు చేరాయి. వాటిలో కాగితాలను ఒకదానికొకటి అంటించి చుట్టగా చుట్టిన పెద్ద అర్జీ ప్రస్తావన లేకుండా ఈ విషయాన్ని ముగించడం, పెళ్లి గురించి చెబుతూ పెళ్లికూతురిని మరచిపోవడంలాంటిది. ఐరోపాకు వెలుపలి లోకానికి దక్కినవి రెండే ప్రసంగాలు. గ్రీకు గ్రంథాలను అరబీలోకి తెచ్చిన బాగ్దాద్ అనువాదకులపై ఉన్నది బాగుంది. బుద్ధుడిని, కన్‌ఫ్యూషియస్‌ను ఒకే అరగంటలో కుక్కినది అవసరం లేదు.

ఇక సదుపాయాల సంగతి. ఉపశీర్షికలను యంత్రం చేత అనువదింపజేసి, మనిషి కంటితో ఒక్కసారైనా చూడకుండా వదిలేశారని స్పష్టంగా తెలుస్తోంది. అచ్చుయంత్రం అనవలసిన చోట గూటెన్‌బర్గ్ పత్రికా విలేకరులను కనిపెట్టినట్టు వచ్చింది. బానిస వ్యాపార వ్యతిరేక ఉద్యమం కాస్తా వ్యతిరేక కదలిక అయింది. చిన్న పుస్తకం విషయంలో నా ఫిర్యాదు ఇంకొంచెం తీవ్రమైనది. 1789లో అచ్చయిన బ్రూక్స్ అనే బానిస ఓడ పటంలో, ఓడ లోపల నాలుగు వందలకు పైగా మనుషులను ఎలా పేర్చారో గీసి చూపించారు. ఒక్కో మనిషి ఆకారాన్ని విడిగా చూడగలగడమే ఆ పటం బలం. ఈ పుస్తకంలో దానిని తపాలా బిళ్లంత చేసి వేశారు, పెద్దది చేసి చూస్తే నల్లటి గీతలు తప్ప ఏమీ కనబడవు.

కొనదలచినవారు వరుసక్రమాన్ని పట్టించుకోకుండా 18, 14, ఆపై బాగ్దాద్‌పై ఉన్న ఐదవ ప్రసంగం వినాలని సూచిస్తాను. ఆ మూడూ నచ్చితేనే మిగిలినవాటి జోలికి వెళ్లవచ్చు. పరీక్షను మాత్రం వదిలేయండి. శుభ్రత అవసరమని వైద్యలోకాన్ని ఒప్పించినది ఎవరు అన్న ప్రశ్నకు, 18వ ప్రసంగం చెప్పినదాన్నే నమ్మి లిస్టర్ అని రాశాను. అది తప్పనీ, సరైన జవాబు సెమ్మెల్‌వైస్ అనీ వచ్చింది. సంస్థకు ఉత్తరం రాస్తే ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది. ప్రశ్నలు తయారుచేసే విభాగం వేరని, వారు ప్రసంగాలను వినరని అందులో ఉంది.