పాలమూరు రొట్టె, పారేసిన ప్లేటు

గత కార్తీకంలో పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, రెండు రోజులున్నాను. మొదటి సాయంత్రం పట్టణంలో జరిగిన ఒక రుచుల ప్రదర్శనకు, మరునాడు చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి స్వామి జాతరకు వెళ్లాను. రెండు చోట్లకూ తిండి కోసమే వెళ్లానని చెప్పడానికి నాకు సంకోచం లేదు, స్వామి క్షమించుగాక.

హైదరాబాద్ నుంచి రైలులో వచ్చాను. దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది. అయితే రోజుకు రెండు ప్లాస్టిక్ సీసాల నీళ్లిచ్చే అలవాటును మానిపించి, వంటగదిలోని ఫిల్టర్ నుంచి నా స్టీలు సీసా నింపించుకోవడానికి కొంత బతిమాలవలసి వచ్చింది.

ప్రదర్శనలో రుచికి లోటు లేదు. సర్వపిండి కరకరలాడింది, పచ్చిపులుసు నాలుక మీద నిలిచింది. కానీ ఏ దుకాణంలోనూ సగం ప్లేటు అమ్మరు. పది రకాలు రుచి చూడాలని వచ్చినవాడికి ప్రతి చోటా నిండు ప్లేటు అంటగడితే, అందులో సగం చెత్త డ్రమ్ములోకి పోక ఏమవుతుంది? 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషిద్ధం కాబట్టి అక్కడ కాగితం ప్లేట్లు పెట్టారు. గోటితో గీరితే లోపలి ప్లాస్టిక్ పొర ఊడి వచ్చింది. ఒక్క దుకాణంలో మోదుగాకు విస్తరి ఇచ్చారు గానీ, దాన్నీ అదే డ్రమ్ములో వేయమన్నారు. ఎరువు కావలసిన ఆకూ అన్నమూ ప్లాస్టిక్‌తో కలిసి చెత్తదిబ్బకు చేరితే, గాలి అందని అడుగున కుళ్లి మీథేన్‌ను వదులుతాయి. ఆకు విస్తరి పెట్టామన్న తృప్తి, దానికి వేరే డబ్బా పెట్టనంతవరకు, ఉత్త తృప్తే.

మరునాడు ఉదయం పిల్లలమర్రి వైపు కాసేపు వెళ్లాను. కొమ్మ విరిగిపడటంతో 2017 డిసెంబరులో సందర్శకులను ఆపి, మరుసటి ఏడాది చెదపురుగుల నివారణకు సెలైన్ సీసాలతో మందెక్కించిన చెట్టు అది. జనం ఇష్టపడి వచ్చే చోటుకు జనమే భారమవుతారని చూపడానికి దూరం పోనక్కరలేదు.

తరువాత ఆర్టీసీ బస్సులో కురుమూర్తి. గుట్ట కింద ఇద్దరు అక్కలు కట్టెల పొయ్యి పెట్టి, అడిగినప్పుడే పిండి తట్టి జొన్న రొట్టె కాల్చి, పుంటికూర (గోంగూర) వేసి ఇస్తున్నారు. రొట్టే పళ్లెమయింది, ముందే వండి పెట్టినది లేదు కనుక మిగిలేదీ లేదు. వరికి కావలసినంత నీరు జొన్న అడగదు. చాలీచాలని వానల పాలమూరుకు అది తగిన పంట. పొయ్యి పొగ కళ్లు మండించిన మాట నిజమే, ఆ విషయంలో ఈ పద్ధతిని నేను వెనకేసుకురాలేను. మంచినీళ్లకు రంజన్ అనే మట్టికుండ, పక్కనే కడిగిన స్టీలు గ్లాసులు. గ్లాసుకు పది రూపాయలు ముందు తీసుకుని, తిరిగిచ్చాక వాపసు ఇచ్చారు. పట్టణంలోని ప్రదర్శనకు ఇదేమీ అసాధ్యమైన ఏర్పాటు కాదు.

వెళ్లేవారు పొద్దున్నే వెళ్లాలి. నేను రెండోసారి అడిగేసరికి మధ్యాహ్నం పన్నెండు కాలేదు గానీ, ఆ అక్కల పిండి అయిపోయింది.